పన్ను గెలవాలి... ముక్క ఓడాలి!

‘మావాడు ఏదిచ్చినా పది నిమిషాల్లో అవగొట్టేస్తున్నాడండీ, కాస్త గట్టిది చూపించండి!’ హైదరాబాద్, విజయవాడ, విశాఖ... ఏ ఊళ్ళోనైనా పెట్ షాపులో కాసేపు నిలబడితే ఈ మాట వినబడుతుంది. ‘ఏ బ్రీడ్ సార్?’ అంటాడు షాపతను. రాట్‌వీలర్ అనో, జర్మన్ షెపర్డ్ అనో, లాబ్రడార్ అనో చెప్పగానే అతని చెయ్యి పై అరలోకి వెళ్తుంది. గేదె గిట్ట, కొమ్ము ముక్క, కాల్చి ఆరబెట్టిన తొడ ఎముక బయటికొస్తాయి. ‘ఇది నెలరోజులు వస్తుంది సార్’ అని భరోసా ఇస్తాడు. కొనేవాళ్ళకూ కావాల్సింది అదే. మూడొందలు పెట్టి కొన్నది మూడు రోజులైనా ఉండొద్దా అనుకుంటారు.

కుక్క నోటికి ముప్పు మొదలయ్యేది సరిగ్గా ఆ బేరం దగ్గరే. నెలరోజులైనా అరగని వస్తువు మీద రోజూ పనిచేసేది పన్ను. వస్తువు అరగనప్పుడు పన్ను అరుగుతుంది, లేదంటే విరుగుతుంది. గట్టిగా నమిలే పెద్ద కుక్కకు, ఎక్కువసేపు నమలడానికి వీలుగా ఉండి చివరికి పంటికి లొంగిపోయే ముక్క ఇవ్వాలి. చూడ్డానికి చిన్న సంగతే. కానీ కొనేది ఏదైనా, వండేది ఏదైనా, పారేసేది ఏదైనా ఈ ఒక్క లెక్కతోనే తేల్చుకోవాలి.

నమలకుండా ఉండలేదు

కుక్కపిల్లకు పాలపళ్ళు 28. నాలుగో నెల అటూ ఇటూగా అవి ఊడటం మొదలై, ఆరేడు నెలలు వచ్చేసరికి 42 శాశ్వత దంతాలు ఏర్పడతాయి. ఆ రోజుల్లో చెప్పులు, కుర్చీ కాళ్ళు, చార్జర్ వైర్లు ఏమవుతాయో కుక్కను పెంచిన ప్రతి ఇంటికీ తెలుసు. పళ్ళన్నీ వచ్చేశాక ఆ గొడవ తీరిపోతుందని చాలామంది నమ్మకం. తీరదు. పెద్దయ్యాక నమలడం కుక్కకు ఒక పని, ఒక ఊరట.

ఈ జాతులు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే కారణం తెలుస్తుంది. లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వెంట తిరిగాయి. జర్మన్ షెపర్డ్ గొర్రెల మందలను కాసింది. రాట్‌వీలర్‌కు ఆ పేరు జర్మనీలోని రాట్‌వైల్ అనే ఊరి నుంచి వచ్చింది. అక్కడ అది పశువులను సంతకు తోలేది, మాంసం వర్తకుల బళ్ళు లాగేది. పొద్దంతా పనిచేయడానికి తరతరాలుగా పెంచిన కుక్కలను మనం మూడు గదుల ఫ్లాట్లో పెట్టి, ఉదయం తొమ్మిదింటికి తలుపు వేసుకుని ఆఫీసుకు వెళ్ళిపోతున్నాం. దానికి మిగిలింది నోరొక్కటే. సోఫా దూది బయటికొచ్చిందంటే అది అల్లరి చేసిందని అనుకోనక్కర్లేదు. దానికి పని దొరకలేదని అర్థం.

లాబ్రడార్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరవేయడంలో పాత్ర ఉన్న పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క వీటిలో కొన్నింటికి లోపించిందని 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. వాళ్ళ అంచనాలో దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌ది ఇదే పరిస్థితి. ఎంత తిన్నా ఇంకా కావాలంటుంది. అలాంటి కుక్క నోటికి అందింది నమిలే దాకా ఆగదు, మింగేస్తుంది. అందుకే ముక్క ఎంత గట్టిదన్న దానితో పాటు ఎంత పెద్దదన్నదీ చూసుకోవాలి.

కంటి కింద వాపు

కుక్క నములుతున్నప్పుడు ఓసారి దగ్గర కూర్చుని చూడండి. ముందు కాళ్ళతో ముక్కను నేలకు అదిమిపెడుతుంది. తల ఓ పక్కకు వంచుతుంది. నాలుకతో ముక్కను కోరపళ్ళు దాటించి దవడ మూలకు తోస్తుంది. అసలు చప్పుడు అప్పుడు మొదలవుతుంది. ఆ మూలన పై దవడలోని నాలుగో అగ్రచర్వణకం, కింది దవడలోని మొదటి చర్వణకం అడకత్తెర అంచుల్లా ఒకదాని పక్క నుంచి ఒకటి జారుతూ తెగ్గొడతాయి. మన దవడ పక్కలకు కదులుతుంది కాబట్టి మనం నూరగలం. కుక్క దవడకు ఆ వెసులుబాటు లేదు, అది కిందికీ పైకీ మాత్రమే ఆడుతుంది. అడ్డం పడ్డ వస్తువు లొంగకపోతే ఆ బలమంతా తిరిగి పంటి మీదే పడుతుంది.

మన పంటి మీద ఎనామిల్ రెండున్నర మిల్లీమీటర్ల మందం దాకా ఉంటుంది. కుక్క పంటి మీద అది ఒక మిల్లీమీటరుకు మించదు. దవడ బలం ఎంతున్నా పంటి పైపొర అంత పల్చన. అందుకే గట్టి వస్తువు నమిలే కుక్కల్లో తరచూ దెబ్బతినేది పై దవడలోని ఆ నాలుగో పన్నే. బయటి వైపు నుంచి ఒక చెక్కు లేచిపోతుంది. చెక్కు లేచిన చోట కొత్తలో గులాబీ రంగు చుక్క కనబడుతుంది, కొన్నాళ్ళకు అది నల్లబడుతుంది. అంటే పంటి లోపలి మెత్తటి భాగం, నరాలూ రక్తనాళాలూ ఉండే చోటు, బయటపడిందన్న మాట. అక్కడి నుంచి సూక్ష్మజీవులు వేరు దాకా దిగుతాయి.

అప్పుడు కూడా కుక్క అన్నం మానేయదు. బాధ దాచుకోవడం దాని స్వభావం. రెండో వైపుతో నమలడం మొదలుపెడుతుంది. నమలని వైపు పళ్ళకు గార పేరుకుంటుంది. నోరు తెరిచి చూస్తే ఒక పక్క తెల్లగా, ఒక పక్క పసుపుపచ్చగా ఉంటే అనుమానించాల్సిందే. మరికొన్ని వారాలకో నెలలకో కంటి కింద బుగ్గ ఉబ్బుతుంది. పురుగు కుట్టిందనో, ముల్లు గుచ్చుకుందనో అనుకుంటారు. మందులు వాడితే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, ఒక్కోసారి పగిలి చీము కారుతుంది. ఆ పంటికి మూడు వేళ్ళు, అవి ఉండేది సరిగ్గా కంటి కిందే. పన్నుకు వైద్యం జరగనంత వరకూ ఆ వాపు పోదు. మత్తు ఇచ్చి రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీసేయాలి. మూడొందల గిట్ట ముక్క తెచ్చే ఖర్చు ఇది. ఖర్చు సంగతి సరే, నోరు లేని జీవం అన్ని నెలలు పడే బాధ ముందు అదెంత!

కొనేముందు షాపులోనే రెండు పరీక్షలు చేయొచ్చు. పశువైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నవే. బొటనవేలి గోరుతో ముక్కను నొక్కండి. కాస్తయినా నొక్కు పడాలి. లేదా దాంతో మీ మోకాలి చిప్ప మీద కొట్టుకోవడాన్ని ఊహించుకోండి. ‘అమ్మో’ అనిపిస్తే అది కుక్క పంటికీ అమ్మోనే.

ఆదివారం బొక్కలు

మన ఇళ్ళలో కుక్కకు పండగ ఆదివారమే. మటన్ వండిన రోజు కంచంలో మిగిలిన బొక్కలన్నీ దాని గిన్నెలోకి వెళ్తాయి. ప్రేమతో చేసే పని కాబట్టి వద్దని చెప్పడం కష్టం, అయినా చెప్పాలి. ఉడికిన ఎముక పచ్చి ఎముకలా ఉండదు. వేడికి అందులో బిగువునిచ్చే కొల్లాజెన్ దెబ్బతిని పెళుసుబారుతుంది, కొరికితే సూదిమొనల్లా చీలుతుంది. గొంతులో గుచ్చుకోవచ్చు, పేగును చీల్చవచ్చు. ఏమీ కాలేదనుకున్నా ఎముక పొడి పేగులో గట్టిపడి, మర్నాడు సుద్దముక్కలా తెల్లటి విసర్జన కోసం కుక్క ముక్కుతూ తిరుగుతుంది. నల్లి బొక్కది మరో తంటా. మూలుగ కోసం నాలుక పెట్టి నాకుతూ ఉండగా ఆ గుండ్రటి రింగు కింది దవడ కోరపళ్ళ మీదుగా జారి ఇరుక్కుంటుంది. కుక్క బెదిరిపోయి పంజాలతో మూతి పీక్కుంటుంది. ఆసుపత్రిలో మత్తిచ్చి కట్టర్‌తో కోసి తీయాల్సి వస్తుంది.

ఇంట్లో వండినవే కాదు, ప్యాకెట్లో అమ్మే కాల్చిన, పొగబెట్టిన ఎముకలదీ ఇదే కథ. అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2017 నవంబరులో ఇలాంటి వాటిపై హెచ్చరిక జారీ చేసింది. అప్పటికి దానికి సుమారు 68 ఫిర్యాదులు అందాయి. వాటిలో జబ్బుపడ్డ కుక్కలు 90 దాకా, చనిపోయినవి 15 దాకా ఉన్నాయి. ‘సహజమైనది’ అని అట్ట మీద రాసినంత మాత్రాన పేగుకు తెలియదు కదా!

జింక కొమ్ముల సంగతి వేరే చెప్పాలి. అమెరికాలో, యూరప్‌లో రాలిపడిన కొమ్ములను ఏరి కుక్కలకు అమ్ముతారు. పళ్ళు విరగ్గొట్టడంలో అవి ముందుంటాయి. మన దగ్గర అంతకన్నా పెద్ద అభ్యంతరం చట్టానిది. నల్లమలలో రాలినదైనా సరే, దుప్పి కొమ్మునూ కణితి కొమ్మునూ కొనడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎవరైనా తెచ్చి ఇస్తామన్నా తీసుకోవద్దు.

తోలుతో చేసి, ముడులు వేసి, ఎముక ఆకారంలో తెల్లగా అమ్మే చ్యూలు (నమిలే ముక్కలు) షాపుల్లో అన్నిటికన్నా చవక. పశువు చర్మానికి సున్నంతో వెంట్రుకలు తీసి, పొరలుగా చీల్చి, లోపలి పొరను చుట్టి ఆరబెట్టి చేస్తారు. తోళ్ళ పరిశ్రమలో మిగిలే సరుకు అది. నానిన కొద్దీ జిగటగా సాగుతుంది. ఆత్రం కుక్క పెద్ద ముక్కను లాగి మింగితే అది తొందరగా అరగక కడుపులో అడ్డం పడుతుంది. 2017లో అమెరికాలో కొన్ని రకాల తోలు చ్యూలను వెనక్కి రప్పించారు. తయారీలో యంత్రాలను శుభ్రం చేసే రసాయనాన్ని వాటికీ వాడటమే కారణం. నిదానంగా కొరికే చిన్న కుక్కకు ఇస్తే ఇవ్వొచ్చేమో గానీ, నలభై కిలోల రాట్‌వీలర్‌కు నేను ఇవ్వను.

హిమాలయాల నుంచి వచ్చిన ముక్క

ఈ మధ్య మన షాపుల్లో యాక్ చీజ్ పేరుతో లేత గోధుమరంగు కడ్డీలు కనబడుతున్నాయి. దాని అసలు పేరు ఛుర్పీ. తూర్పు నేపాల్ కొండల్లో, సిక్కింలో, డార్జిలింగ్ ప్రాంతంలో తరాలుగా మనుషులు తింటున్న పదార్థం. జడలబర్రె పాలు, దానికీ ఆవుకూ పుట్టిన చౌరీ పాలు, ఇప్పుడు ఎక్కువగా ఆవు పాలు వాడతారు. వెన్న తీసేసిన పాలను కాచి, పులుపుతో విరగ్గొట్టి, గుడ్డలో వడగట్టి, బరువు పెట్టి నీరంతా కారిపోయేలా వత్తుతారు. ఆ గడ్డను కడ్డీలుగా కోసి పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీసో, గాలికి పెట్టో వారాల తరబడి ఆరబెడతారు. చేతిలోకి తీసుకుంటే చెక్కముక్కనే అనుకుంటాం. ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగ వాసన, వెనకగా మీగడ వాసన. చలిలో కొండలెక్కే కాపరులు ఒక ముక్క బుగ్గన పెట్టుకుంటే గంటా రెండు గంటలు చప్పరిస్తూనే ఉంటారు.

నేపాల్ నుంచి అమెరికాలో స్థిరపడినవాళ్ళు దీన్ని అక్కడి కుక్కలకు పరిచయం చేశారు. ఈరోజు నేపాల్ నుంచి అమెరికాకు వెళ్ళే సరుకుల్లో ఛుర్పీ చెప్పుకోదగ్గది. ఒకప్పుడు కొండవాళ్ళ ఆకలి తీర్చింది, ఇప్పుడు పరాయి దేశపు కుక్కల పుణ్యమా అని వాళ్ళకు డాలర్లు తెస్తోంది. ఇందులో నాకు సంతోషమే.

మన ఇళ్ళకు ఇది నచ్చడానికి ఓ ప్రత్యేక కారణం ఉంది. మాంసం గడప తొక్కని ఇళ్ళు మనకు ఎన్నో. ఆ ఇళ్ళలోనూ లాబ్రడార్ ఉంటుంది, పెరుగన్నం తింటుంది, నమలడానికి మాత్రం ఏమీ దొరకదు. అలాంటి చోట పాలతో చేసిన ఛుర్పీ ఇంట్లోవాళ్ళకూ ఇబ్బంది లేదు, కుక్కకూ ఇష్టం. విరిగిన నీటితో పాటే పాలలోని చక్కెర చాలావరకు పోతుంది కాబట్టి పాలు పడని కుక్కలు కూడా సాధారణంగా తట్టుకుంటాయి.

అయితే ఇది కూడా గోరు పరీక్షలో అన్నిసార్లూ నెగ్గదు. బాగా ఆరిన పాత కడ్డీ రాతిగట్టిగా ఉంటుంది. ఓపికగా నాకి, తడిపి, అంచులు గీకే కుక్కకు ఫర్వాలేదు. ఇవ్వగానే దవడ మూలన పెట్టి ఒక్క పట్టున విరిచేయాలని చూసే కుక్కకు దీనివల్లా పన్ను చిట్లుతుంది. అలాంటిదానికి వేరే దారి చూడాలి. చివర్లో బొటనవేలంత మిగిలినప్పుడు దాని దగ్గర్నుంచి తీసేసుకోండి, అది గొంతుకు అడ్డం పడే సైజు. పారేయక్కర్లేదు. కాసేపు నీళ్ళలో నానబెట్టి మైక్రోవేవ్‌లో అర నిమిషం పెడితే అప్పడంలా పొంగి గుల్లబారుతుంది. పూర్తిగా చల్లారాక ఇస్తే కరకరా తినేస్తుంది. లోపలి వేడి చాలాసేపు నిలుస్తుంది, తొందరపడొద్దు.

పంటికి లొంగేవి

గట్టిగా కొరికే పెద్ద కుక్కలకు నా ఓటు ఎండబెట్టిన గేదె గొంతుగొట్టానికి, స్నాయువులకు, చెవులకు. ఇవన్నీ మృదులాస్థి, కొల్లాజెన్. కొరికితే వంగుతాయి, సాగుతాయి, చివరికి తెగుతాయి. వంపు ఉన్న చోట పన్నుకు భయం తక్కువ. గొంతుగొట్టం లోపల బోలు కాబట్టి అందులో కాస్త పెరుగు, ఉడికించిన గుమ్మడి గుజ్జు కూరి డీప్ ఫ్రీజర్లో పెడితే పది నిమిషాల పని అరగంట అవుతుంది. గేదె మాంసం ఎగుమతులకు మన దేశం పెట్టింది పేరు. ఈ భాగాలను శుభ్రం చేసి తక్కువ వేడిలో ఆరబెట్టి ప్యాక్ చేసి అమ్మేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. ఉప్పు, రంగు, పొగవాసన రసం కలపనివి అడిగి తీసుకోండి.

బుల్లీ స్టిక్ పేరుతో అమ్మేది ఎద్దు లేదా దున్న మగ అవయవాన్ని సాగదీసి ఆరబెట్టిన కడ్డీ. మాంసపు పీచు కాబట్టి పంటికి మంచిదే, కుక్కలు పడి చస్తాయి. కాకపోతే 2013లో అమెరికా, కెనడా పరిశోధకులు 26 కడ్డీలను పరీక్షిస్తే అంగుళానికి 9 నుంచి 22 కేలరీల దాకా తేలింది. ఆరంగుళాల కడ్డీలో సగటున 88. ముప్పై కిలోల లాబ్రడార్‌కు రోజు మొత్తానికి కావాల్సింది సుమారు 1300. చిరుతిండి అందులో పదో వంతు మించకూడదంటారు. అంటే ఒక్క కడ్డీతో ఆ రోజు కోటాలో మూడింట రెండు వంతులు అయిపోయినట్టే, గిన్నెలో అన్నం ఆ మేరకు తగ్గించాలి. ఆ కడ్డీల్లో ఏడింటి మీద ఈ-కోలై బ్యాక్టీరియా కూడా కనబడింది. 2019లో అమెరికాలో కుక్కలకిచ్చే పంది చెవుల వల్ల 34 రాష్ట్రాల్లో 154 మందికి సాల్మొనెల్లా సోకింది. జబ్బుపడింది మనుషులు! చ్యూ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పాకే పిల్లలున్న ఇంట్లో కుక్క నమిలిన చోట నేల తుడవాలి.

వంటింట్లోనే దొరికేవీ ఉన్నాయి. చిలగడదుంపను (రత్నపురి గడ్డ, గెనుసుగడ్డ అనేవాళ్ళూ ఉన్నారు) వేలి మందాన నిలువుగా కోసి, తక్కువ వేడి ఓవెన్లో కొన్ని గంటలు ఉంచితే తోలులా సాగే పట్టీలు వస్తాయి. పూర్తిగా కరకరలాడేలా ఎండనివ్వకుండా, వంచితే వంగేటప్పుడే తీసేయాలి. పెద్ద క్యారెట్ ఫ్రీజర్లో పెట్టి ఇస్తే ఎండాకాలం సాయంత్రాలు దానికదే సరిపోతుంది.

అదే వంటింట్లో ప్రమాదాలూ ఉన్నాయి. ఎండాకాలం మామిడి టెంక, వానాకాలం మొక్కజొన్న బెండు. రెండూ రుచిగా ఉంటాయి, రెండూ పెద్ద కుక్క గొంతు దిగుతాయి, రెండూ పేగులో ఇరుక్కుంటాయి. కోసి తీయడం తప్ప మార్గం ఉండదు. చెత్తబుట్టకు మూత ఉండాలి. కొబ్బరి ముక్క కొంచెం ఇవ్వొచ్చు, పీచూ చిప్పా ఇవ్వకూడదు. ఎండు చేపలు మంచివే గానీ బజారులో దొరికేవి ఉప్పులో ఊరినవి. బొమ్మలో పీనట్ బటర్ రాసి ఇచ్చేవాళ్ళు డబ్బా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని చూసుకోవాలి. అది కుక్కలకు విషం.

ఇచ్చే తీరు

ఏది ఇచ్చినా దాని పొడవు కుక్క మూతి వెడల్పుకన్నా బాగా ఎక్కువ ఉండాలి. ఆకలి మీద ఇవ్వొద్దు, అన్నం తిని కాస్త కుదురుకున్నాక ఇవ్వండి. రోజుకు పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఆ సేపు మీరు అదే గదిలో ఉండాలి. ఇంట్లో రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో. పక్కది లాక్కుంటుందన్న భయంతోనే చాలా కుక్కలు నమలకుండా మింగుతాయి. ముక్క వెనక్కి తీసుకోవాలంటే నోట్లోంచి లాగొద్దు. అంతకన్నా ఇష్టమైనది చూపించి ‘వదులు’ అని చిన్నప్పటి నుంచే నేర్పితే అది గుర్రుమనే అవసరమే రాదు. కోస్తాలో వానాకాలం విపరీతంగా తేమ ఉంటుంది, తెరిచిన ప్యాకెట్లోని చ్యూలకు బూజు పడుతుంది. సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పిల్లకుక్కకు ఏడో నెల దాకా, పళ్ళు అరిగిన ముసలి కుక్కకు ఎప్పటికీ మెత్తవే ఇవ్వాలి.

నమిలిన తర్వాత పదే పదే వాంతి, పంజాతో మూతి రుద్దుకోవడం, చొంగ కారడం, అన్నం ముట్టకపోవడం కనిపిస్తే సాయంత్రం దాకా చూద్దామని ఆగొద్దు. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న వాటికి పొట్ట ఉబ్బి, వాంతి రాక తన్నుకుంటుంటే అది కడుపు మెలితిరగడం కావచ్చు. ప్రతి నిమిషమూ ముఖ్యమే.

ఏడాదికోసారి టీకాకు ఎలాగూ తీసుకెళ్తాం. డాక్టరు గారు సూది వేసి కార్డు మీద సంతకం పెట్టాక వెంటనే లేచి రావద్దు. పై పెదవి ఎత్తి రెండు వైపులా ఆ నాలుగో పన్ను చూడమని అడగండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులైనా, మీ వీధి చివర క్లినిక్ అయినా చూడటానికి నిమిషం పట్టదు. ఈలోగా ఇంట్లో మీరే నెలకోసారి ఆ పెదవి ఎత్తి చూడటం అలవాటు చేసుకుంటే, చెక్కు లేచిన రోజుకూ కంటి కింద వాపు వచ్చే రోజుకూ మధ్య ఉన్న ఆ నెలలన్నీ కుక్కకు కలిసొస్తాయి.